ఉన్నది ఒకటే పేట

మా ముగ్గురికీ అమ్మానాన్నలు పెట్టిన పేర్లున్నాయి గానీ మేం వాటితో ఎప్పుడూ పిలుచుకోలేదు. జగ్గయ్యపేటలో ఉండేది పేటది. నందిగామలో ఉండేది నందిగామది. నేను ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని చేశాను కాబట్టి నేను హలోని. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, జుట్లు నెరిశాయి, ఈ పేర్లు మాత్రం మారలేదు. నందిగామదాని మనవరాలు కూడా నన్ను హలో అమ్మమ్మ అనే అంటుంది.

ముగ్గురం నందిగామలో డిగ్రీ చదివాం. మా నాన్న అప్పట్లో జగ్గయ్యపేటలో రైస్ మిల్లు గుమస్తా. అందుకని నేనూ పేటదీ రోజూ బస్సెక్కి కాలేజీకి వచ్చేవాళ్ళం. పొద్దున్న రావడంలో ఏమీ లేదు, సాయంత్రం తిరిగి వెళ్ళడంలోనే ఉంది తమాషా అంతా. హైదరాబాదు వెళ్ళే బస్సెక్కి "పేట" అంటే చాలు, కండక్టరు "ఏ పేట? సూర్యాపేటా?" అనేవాడు. మా వైపు పేట అంటే జగ్గయ్యపేటే. ఇంకో పేట కూడా ఉందని ఒప్పుకోవడం మాకు నామోషీ. అప్పుడు మా పేటది ఓణీ సర్దుకుని, గడ్డం పైకెత్తి, వెనక సీటు దాకా వినపడేలా "ఉన్నది ఒకటే పేట, మిగతావన్నీ వీధులు" అనేది. బస్సు బస్సంతా నవ్వేది. కొన్నాళ్ళకి ఆ మాట వినడానికే కండక్టర్లు కావాలని అడిగేవాళ్ళు.

ఆ పేటతోనే నేనొకసారి బోర్లా పడ్డాను. కొత్తగా ఉద్యోగం వచ్చి, హైదరాబాదులో ట్రైనింగు ముగించుకుని వస్తూ కండక్టరుతో "పేట" అని చెప్పి నిద్రపోయాను. పాపం, అతనే లేపి, పెట్టె కూడా కిందికి అందించాడు. బస్సు కదిలాక తలెత్తి బోర్డు చూస్తే సూర్యాపేట. ఆ సంగతి తీసుకెళ్ళి పేటదానికి చెప్పడం నేను చేసిన రెండో తెలివితక్కువ పని. నా పెళ్ళిలో పీటల మీద ఉండగా మా అత్తగారి చెవిలో వేసింది: "మా హలో బాగానే చదువుకుందండీ, కాకపోతే వీధిలో దిగిపోయింది."

అదీ దాని నోరు. ఆ నోటితోనే బతికింది కూడా. జగ్గయ్యపేట బజార్లో కింద కొట్టు, మేడ మీద ఇల్లు. కొట్టంటే మ్యాచింగ్ సెంటర్. చీరకి సరిపోయే జాకెట్టు గుడ్డ, ఫాల్సు, లంగా గుడ్డ, అంతకు మించి అక్కడేమీ దొరకదు. కానీ వత్సవాయి నుంచి కూడా చీర సంచిలో పెట్టుకుని దాని దగ్గరికే వచ్చేవాళ్ళు. కొంగు అలా వేళ్ళతో పట్టుకుని చూసి "ఇది నీలం కాదమ్మా, నెమలికంఠం" అనేది. ఊదా అంటే ఒప్పుకునేది కాదు, వంగపండు వేరు, బచ్చలిపండు వేరు. ఉల్లిపొర, మావిడిచిగురు, చిలకపచ్చ, మెంతి, తేనె, రంగు పేరు చెబుతూంటే ఏదో వంటకం గురించి చెబుతున్నట్టు ఉండేది. చివర్లో గుడ్డకి కత్తెరతో గాటు పెట్టి, చింపే ముందు అందరితోనూ ఒకటే మాట, "రంగు పోదు. పోతే ఈ కొట్టు మీ పేర రాసిస్తా."

కిందటి వానాకాలంలో దానికి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మెల్లగా దారిలో పడ్డాయి. మాట పడలేదు. అలాగని మూగదీ కాలేదు. అనుకునేది ఒకటి, నోట్లోంచి వచ్చేది ఒకటి. మంచినీళ్ళు కావాలని తెలుసు, "గొడుగు" అని వస్తుంది. అది తప్పని కూడా తెలుసు. సరైనది వెతుక్కుంటూ వెతుక్కుంటూ కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంటుంది. అయినా ఇంట్లో తంటాలు పడుతూనే ఉండేది. ఒకరోజు ధైర్యం చేసి కొట్లోకి దిగింది. ఎవరో ఆవిడ చీర తెస్తే గుడ్డ సరిగ్గానే తీసింది. "ఇదేం రంగండీ" అని ఆవిడ అడిగింది. మా పేటది "గొడుగు" అంది. "గొడుగు రంగా" అని ఆవిడా పక్కావిడా నవ్వారు. అంతే, గుడ్డ అక్కడే పెట్టేసి మేడెక్కింది. ఆ తర్వాత కొట్లోకి దిగలేదు, బయటివాళ్ళ ముందు నోరు విప్పలేదు.

ఇదంతా నాకు పేటదాని ఆయన ఫోన్లో చెప్పాడు. నేను ఆదివారం ఆదివారం చేస్తాను. అది చెవి దగ్గర పెట్టుకుని వింటుందట గానీ ఊపిరి తప్ప ఏమీ వినపడదు. ముప్ఫై ఏళ్ళకు పైగా లైన్లు కలిపినదాన్ని, అవతల మనిషి ఉండీ మాట లేని లైను నాకు ప్రాణాంతకం. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఫోను ఆయనే తీసుకుని, "ఉగాది నుంచి కొట్టు వేరేవాళ్ళకి ఇచ్చేద్దామనుకుంటున్నానమ్మా," అన్నాడు. "నాకు రంగులు తెలియవు. అదేమో దిగదు."

"అది ఒప్పుకుందా అన్నయ్యగారూ?"

"ఏమీ అనలేదు."

"మాట రానిది ఏమంటుందండీ," అని ఫోను పెట్టేశాను. పెట్టేశాక నాకే సిగ్గేసింది, ఆ మనిషి మీద విరుచుకుపడి ఏం లాభం. ఆయన మాత్రం ఏం చేస్తాడు. ఆ వారమే మా రాజమండ్రిలో రైలెక్కాను.

విజయవాడలో దిగి బస్సు పట్టుకుని ముందు నందిగామ వెళ్ళాను. కీసర దాటేటప్పుడు మునేట్లో నీళ్ళు సన్నగా పారుతున్నాయి. నందిగామది బస్టాండుకే వచ్చింది. మాలో నెమ్మదైన మనిషి అదే. ఏళ్ళ తరబడి అంగన్‌వాడీలో పిల్లలకి అక్షరాలు దిద్దించింది. వాళ్ళాయనకి సొంత కారుంది, పెళ్ళిళ్ళకీ ఆసుపత్రులకీ బాడుగకి తిప్పుతాడు. నన్ను చెల్లెమ్మా అంటాడు. రంజాన్‌కి సేమ్యా పాయసం డబ్బాలో పెట్టి రాజమండ్రి వెళ్ళే వాళ్ళెవరైనా ఉన్నారా అని వెతికే మనిషి.

ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కోక ముందే నందిగామది నాకు పాఠం మొదలుపెట్టింది. "రేపు కార్లో పేట వెళ్ళి దాన్ని తీసుకుని వేదాద్రి గుడికి వెళ్దాం. తర్వాత ఇక్కడికి తెచ్చి ఓ రోజు ఉంచుకుందాం. కానీ ఒక్క మాట. నువ్వు అందించకూడదు."

"ఏంటి అందించేది?"

"మాట. విజయవాడలో మాట నేర్పే డాక్టరమ్మ చెప్పింది. అది వెతుక్కుంటుంటే మనం ఆగాలి. తప్పొచ్చినా పర్లేదు, మాట్లాడాలి. మనం అందిస్తే దానికి బద్ధకం వచ్చేస్తుందంట. పాత అలవాటు మాటలు ముందొస్తాయంట, లెక్కలూ, తిట్లూ అలాంటివి."

"నేనెప్పుడు అందించానే?"

"ఇప్పుడే. నేను చెప్పేలోపు మూడుసార్లు నోరు తెరిచావు."

నిజమే. నాకు ఆగడం చేతకాదు. నంబరు సగం చెప్పగానే మిగతా సగం నేనే చెప్పేసే ఆపరేటర్నని ఎక్స్ఛేంజీలో పేరు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. పేటలో పేటదాని ఆయన కొట్టు తీసి కూర్చున్నాడు, ముందు టీలు తెప్పించాడు. మేడ మీద నుంచి పేటది దిగింది. మెట్లు కొట్టు పక్కనే ఉంటాయి. అది కొట్టు వైపు చూడకుండా, గోడ వైపు మొహం పెట్టుకుని దిగింది. మనిషి చిక్కింది గానీ చీరకీ జాకెట్టుకీ మాత్రం దారం తేడా లేదు. నన్ను చూడగానే రెండు చేతులూ చాపింది. నేను గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. నందిగామది ఏడవలేదు, కారు తలుపు తీసి పట్టుకుని నించుంది.

దారిలో రోడ్డు పక్కన మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎకరాలకి ఎకరాలు, కళ్ళు జిగేల్మనేలా. పేటది కిటికీ అద్దం దించమని సైగ చేసింది. వాటి వైపు వేలు చూపించి నోరు తెరిచింది. పెదాలు కదుల్తున్నాయి, ఏదో పేరు నాలుక చివర ఉంది. నేను ఎంతసేపు ఆగానో తెలియదు గానీ నాకైతే విజయవాడ వెళ్ళి వచ్చినంత సేపనిపించింది.

"ఎరుపు," అన్నాను.

పేటది నా వైపు తిరిగి చూసిన చూపు మరిచిపోలేను. జాలీ, కోపమూ కలిపి. దాని లెక్కలో ఎరుపనేది రంగు పేరే కాదు, రంగులు తెలియనివాళ్ళు వాడే మాట. నందిగామది ముందు సీట్లోంచి చెయ్యి వెనక్కి పెట్టి నా మోకాలి మీద ఒక్కటి వేసింది. కారు నడుపుతున్న వాళ్ళాయన నవ్వాపుకోలేక హారన్ కొట్టాడు.

వేదాద్రిలో కృష్ణ నిండుగా, నింపాదిగా ఉంది. నేనూ పేటదీ దర్శనానికి వెళ్తే నందిగామది మెట్ల మీద చెప్పుల దగ్గర కూర్చుని నీళ్ళు చూస్తూ ఉంది. ఎప్పుడొచ్చినా అంతే, చెప్పులకి కాపలా కాస్తున్నందుకు పులిహోరలో దాని వాటా ఎక్కువ. ముగ్గురం ఆఖరి మెట్టు మీద కూర్చుని నీళ్ళల్లో కాళ్ళు పెట్టాం. పేటది కుడికాలు చేత్తో ఎత్తి నీళ్ళల్లో పెట్టుకుంది. ఎవరం మాట్లాడలేదు. అంతసేపు మాట్లాడకుండా నేను కూర్చోవడం అదే మొదటిసారేమో. బాగానే ఉంది.

పాడయింది పైకొచ్చాకే. నిమ్మసోడా బండి కనిపించింది. పేటది మా ఇద్దరినీ చేత్తో ఆపి, తనే బండి దగ్గరికి నడిచింది. నందిగామది నా కొంగు పట్టుకుని ఆపింది, నేను ఎక్కడ వెంటపడతానోనని. పేటది బండి ముందు నించుని, వేళ్ళు మూడు చూపించి, మెల్లగా, కూడబలుక్కుని అంది, "నిమ్మ... సబ్బు."

సోడా అమ్మే ఆవిడ ఎగతాళి చెయ్యలేదు. అమాయకంగా, "సబ్బులు ఆ పక్క కొట్లో ఉంటాయమ్మా," అంది. కానీ పక్కన సోడా తాగుతున్న అమ్మాయిలిద్దరు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏంటమ్మా నవ్వుతున్నారు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా, ఒంట్లో బాగోలేని మనిషిని చూసి నవ్వడమేనా నేర్పింది" అని అందుకున్నాను. వాళ్ళు బిత్తరపోయారు. జనం మూగారు. ఆ జనం మధ్యలో మా పేటది పెదాలు బిగించుకుని, తల వంచుకుని, నడుచుకుంటూ వెళ్ళి కార్లో కూర్చుంది.

నందిగామది నన్ను పక్కకి లాగి, "పోట్లాడింది నువ్వు. నోరు మూసుకుంది అది," అంది. కారులో నందిగామ దాకా ఎవరం మాట్లాడలేదు. ఈసారి ఆ నిశ్శబ్దం బాగాలేదు.

మర్నాడు భోజనాలయ్యాక వరండాలో చాప పరిచింది నందిగామది. పక్కన గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, గవ్వలు తెచ్చి పడేసింది. అష్టాచెమ్మా. కాలేజీ సెలవుల్లో పేటదాని ఇంట్లో గంటలు గంటలు ఆడేవాళ్ళం. వేరుశెనక్కాయ తొక్కలు ఒకరికి, చింతగింజలు ఒకరికి, గాజుముక్కలు ఒకరికి. పేటది ముందు ఆడనని తలూపింది. నందిగామది బతిమాలలేదు, గవ్వలు తీసి దాని ఎడమచేతిలో పోసి ఊరుకుంది.

గవ్వలు నాలుగూ వెల్లకిలా పడ్డాయి.

"చెమ్మా," అంది పేటది.

అన్నట్టు దానికే తెలియలేదు. గవ్వలు మళ్ళీ ఊపి వేసింది. రెండు పడ్డాయి. "రెండు" అని తొక్క జరుపుకుంది. నేనూ నందిగామదీ మొహాలు చూసుకోలేదు, చూసుకుంటే ఎక్కడ చెడుతుందోనని. ఆట సాగింది. "మూడు", "అష్టా", "మళ్ళీ" అంటూనే ఉంది. కాసేపటికి నేను ఒక గడి ఎక్కువ జరిపాను. కావాలని కాదు, గెలవాలని. నాకు ఓడిపోవడం మొదట్నుంచీ పడదు.

"దొంగ," అంది పేటది. "దొంగముండ."

ఎన్నాళ్ళకి తిట్టింది నన్ను. ఆ తిట్టుకి నా కడుపు నిండిపోయింది. నందిగామది చాప మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. పేటది మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, తను ఏమందో అప్పుడు తెలుసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చేతి వెనక నవ్వుతోంది.

అంతలో గుమ్మంలోకి పక్కింటావిడ మజ్జిగ తోడు కోసం వచ్చింది. "ఏంటి వదినా, అంత నవ్వులు" అంది. పేటది గవ్వలు కింద పెట్టేసి మళ్ళీ మూగదయింది. ఆవిడ వెళ్ళేదాకా గోడ వైపు చూస్తూ కూర్చుంది.

ఆవిడ వెళ్ళాక నందిగామది గిన్నె లోపల పెట్టొచ్చి, దాని ఎదురుగా చతికిలబడింది. "చూడవే. నీకు మాట ఉంది. మా ఇద్దరి దగ్గర ఉంటే ఏం లాభం? మేం నీ కొట్లో గుడ్డ కొనేవాళ్ళమా? ఉగాదికి కొట్టు ఇచ్చేస్తానంటున్నాడు మీ ఆయన. ఇచ్చెయ్యమంటావా?"

పేటది కింద పెట్టిన గవ్వలు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది. గట్టిగా, రెండుసార్లు.

"అయితే అది ఆయనకి చెప్పాల్సింది నువ్వు. కొట్లో నించుని," అంది నందిగామది. నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. ఆ పూటకి అదే నేను చేసిన పెద్ద సాయం.

ఆ రోజే దాన్ని దిగబెడతామని వాళ్ళాయనకి మాటిచ్చాం. కారేమో మైలవరం పెళ్ళివాళ్ళకి వెళ్ళిపోయింది. "బస్సులో పోదాం, మన పాత బస్సు," అన్నాను నేను. పేటది వద్దని చెయ్యూపింది. నందిగామది వినకుండా దాని సంచి భుజానికి తగిలించుకుని ముందు నడిచింది.

మన ఆంధ్రా బస్సయితే ఆడవాళ్ళకిప్పుడు ఉచితమే, ఆధార్ కార్డు చూపిస్తే సరిపోతుంది. కానీ అరగంట చూస్తే వచ్చింది తెలంగాణ బస్సు, హైదరాబాదు వెళ్ళేది. సరే కొనుక్కుందాంలే అని ఎక్కాం. ముగ్గురు కూర్చునే సీటు దొరికింది. గాలి కోసం కిటికీ పక్కన నేను, మధ్యలో నందిగామది. పేటదాని కాలు పూర్తిగా మడవదు కాబట్టి అది చివర్న, నడవ వైపు. కూర్చున్నాకే తట్టింది, కండక్టరు వస్తే ముందు అడిగేది దాన్నే అని. లేచి చోటు మారదామనుకునేలోపు అతను వచ్చేశాడు. కుర్రాడే, టిక్కెట్ల మిషను చేత్తో పట్టుకుని, ముందు సీట్లవాళ్ళతో ఏదో జోకులేసుకుంటూ.

"యాడికమ్మా?"

నేను నోరు తెరిచాను. నందిగామది నా తొడ మీద గిల్లింది. ఉత్తి గిల్లుడు కాదు, మెలిపెట్టింది. నోరు మూసుకున్నాను.

పేటది ముందు సీటు కమ్మీ పట్టుకుంది. మూడు వేళ్ళు చూపించింది. కండక్టరు "ముగ్గురా? యాడికి?" అన్నాడు మళ్ళీ. విసుక్కోలేదు, కానీ వెనక చాలామందే ఉన్నారు అతనికి.

"పే..." అంది. ఆగింది. "పే... పేట."

వచ్చింది. సరైన మాటే వచ్చింది. ఇక అయిపోయినట్టే అనుకున్నాను. కండక్టరు మిషను మీద వేలు పెట్టి, తలెత్తకుండానే అడిగాడు. "ఏ పేటమ్మా? సూర్యాపేటనా?"

పేటది తలెత్తింది. నేను పక్క నుంచి చూస్తున్నాను, ఆ గడ్డం పైకి లేవడం నాకు తెలుసు. ముప్ఫై తొమ్మిదో నలభయ్యో ఏళ్ళ కిందట ఇదే రోడ్డు మీద రోజూ చూశాను. చేత్తో పమిట సర్దుకుంది. వెతుక్కోలేదు, తడుముకోలేదు.

"ఉన్నది ఒకటే పేట," అంది.

గొంతు బస్సంతా వినపడింది. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. కండక్టరు మిషను మీంచి వేలు తీసేశాడు.

"మిగతావన్నీ..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. "మిగతావన్నీ..." పెదాలు కదుల్తున్నాయి, మాట అందడం లేదు. వెనక ఎవరో నవ్వారు. దాన్ని మేడెక్కించిన నవ్వు, కార్లో కూర్చోబెట్టిన నవ్వు. వెనక్కి తిరిగి నాలుగు దులిపేద్దామని నా ఒళ్ళంతా ఉడికింది. దులపలేదు. కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను.

కండక్టరు కూడా నవ్వుతున్నాడు. అయితే వంగి, దాని మొహంలోకి చూస్తూ అడిగాడు. "మాది సూర్యాపేటనేనమ్మా. మరి మాదేంది?"

పేటది అతన్ని పైనుంచి కింది దాకా చూసింది, చీర కొంగు చూసినట్టు.

"వీధి," అంది.

బస్సు గొల్లుమంది. కండక్టరు నెత్తిన చెయ్యి పెట్టుకుని, "చూసిన్రా, మా ఊరినే గింత చేసింది" అని డ్రైవరుకి వినపడేలా అరిచాడు. పేటది చుట్టూ చూసింది. ఆ నవ్వుతున్న మొహాల్ని ఒక్కొక్కటే చూసింది. పెదాలు బిగించుకోలేదు. తనూ నవ్వింది, చేతులు అడ్డం పెట్టుకోకుండా, పళ్ళన్నీ కనపడేలా. నేను మాత్రం కిటికీ వైపు తిరిగి ఏడ్చేశాను. సంతోషం వస్తే నాకు ఏడుపే వస్తుంది, ఏం చెయ్యను. అంతసేపట్లో మూడు టిక్కెట్లు కొట్టి కండక్టరు దాని చేతికే ఇచ్చాడు.

పేటలో దిగి బజార్లోకి నడిచాం. దాని నడక మెల్లగానే ఉంది గానీ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కొట్టు దగ్గరికి వచ్చేసరికి మెట్ల దగ్గర ఆగింది. నేను కింది మెట్టు మీద కాలు కూడా వేశాను. అది వెయ్యలేదు.

కొట్లో ఒకావిడ చీర పరిచి కూర్చునుంది. వాళ్ళాయన దాని మీద ఒక గుడ్డ వేసి, "సరిపోయిందండీ," అంటున్నాడు. ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తోంది సరిపోలేదని. నాకే తెలిసిందంటే ఎంత తేడాగా ఉందో అనుకోండి. ఆయన ఇంకొకటి తీశాడు, అది మరీ ఘోరం. ఆవిడ చీర మడత పెట్టడం మొదలుపెట్టింది.

పేటది చెప్పులు విడిచి కొట్లోకి ఎక్కింది. వాళ్ళాయన చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. అది ఆయన్ని మోచేత్తో పక్కకి జరిపి, చీర కొంగు రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. తర్వాత అరల వైపు తిరిగి, వెతకను కూడా వెతకలేదు, పైనుంచి రెండో అరలో చెయ్యి పెట్టి ఒక గుడ్డ లాగింది. చీర మీద పడేసింది. ఏది చీరో ఏది గుడ్డో తెలియలేదు.

"అబ్బ, అచ్చం ఇదే," అంది ఆవిడ. "నేను ఊరంతా తిరిగా. ఏం రంగంటారండీ దీన్ని?"

నెమలికంఠం. అది నాక్కూడా తెలుసు. నాలుక చివరి దాకా వచ్చింది. నందిగామది నన్ను గిల్లలేదు, గిల్లాల్సిన పని లేదని దానికి తెలుసు.

పేటది నోరు తెరిచింది. వెతుక్కుంది. "గొ..." అంది. "గొడుగు."

ఆవిడ నవ్వింది. "గొడుగు రంగా?"

వాళ్ళాయన కళ్ళు మూసుకున్నాడు. పేటది మెట్ల వైపు చూసింది. ఒక్క క్షణమే. తర్వాత కౌంటరు మీద కత్తెర అందుకుంది.

"పేరు పోయింది," అంది మెల్లగా, ఒక్కో మాటా తీసి కౌంటరు మీద పెడుతున్నట్టు. కత్తెర పక్కన పెట్టి, గుడ్డ అంచు రెండు చేతులా పట్టుకుని, లాగి, ఆవిడకి చూపించింది. "రంగు... పోదు."

ఆవిడ నవ్వడం ఆపి దాని మొహం వైపు చూసింది. తర్వాత మడత పెట్టిన చీర మళ్ళీ విప్పి కౌంటరు మీద పరిచి, ఒక మీటరు చింపమంది.